టాబ్లెట్ బ్యాటరీ: ఒక యాప్ 91 అంటోంది, ఇంకొకటి 78 అంటోంది

ప్రశ్న: మా ఇంట్లో ఆండ్రాయిడ్ టాబ్లెట్ కొని మూడేళ్లు దాటింది. పెట్టె మీద బ్యాటరీ 7,040 ఎంఏహెచ్ అని ఉంది. కొత్తలో వీడియో పాఠాలు చూస్తూ ఉంటే తొమ్మిది గంటల దాకా వచ్చేది, ఇప్పుడు ఐదు గంటలు రావడమే కష్టంగా ఉంది. పైగా ఈమధ్య 20 శాతం చూపిస్తూనే ఆగిపోతోంది. బ్యాటరీ ఆరోగ్యం చూద్దామని రెండు యాప్‌లు వేస్తే ఒకటి 91 శాతం అంది, ఇంకొకటి 78 శాతం అంది. ఎవరో చెప్పిన కోడ్ కొడితే 'బాగుంది' అని వచ్చింది. మా అక్క దగ్గర ఉన్న పాత ఐప్యాడ్‌లో ఈ వివరం సెట్టింగ్స్‌లో ఎక్కడా కనిపించలేదు. దేన్ని నమ్మాలి? బ్యాటరీ మార్పించాలా, టాబ్లెట్టే మార్చాలా? మా టాబ్లెట్ చాలాసేపు చార్జర్‌కే తగిలించి ఉంటుంది. దానివల్ల నష్టమా?

సమాధానం: మీకు వచ్చిన మూడు జవాబులూ ఒకదానితో ఒకటి పొసగనట్టు కనిపిస్తున్నా, అవి ఒకే కొలతకు సంబంధించినవి కావు. వాటిలో ఒకటి మీరు అడిగిన విషయం గురించే కాదు, ఇంకొకటి బహుశా తొందరపాటు లెక్క, మూడోది నిజానికి కొంత దగ్గరగా ఉండే అవకాశం ఉన్న అంచనా. అయితే మీ ఉత్తరం చదివాక 91, 78 అన్న అంకెల కన్నా, 20 శాతం ఉండగానే టాబ్లెట్ ఆగిపోతోందన్న మాటే నాకు ముఖ్యమనిపించింది. బ్యాటరీ మార్చాలా వద్దా అన్నది తేల్చవలసింది యాప్ చూపే శాతం కాదు, ఆ ఆగిపోవడమే. కనుక ముందు అంకెల సంగతి చూసుకొని, ఆ తర్వాత దాని దగ్గరకు వద్దాం.

మొదట ఆ 'బాగుంది' అన్న మాట. *#*#4636#*#* అనే కోడ్ కొడితే కొన్ని ఆండ్రాయిడ్ పరికరాల్లో ఒక పరీక్షల పేజీ తెరుచుకుంటుంది. అక్కడ కనిపించే బ్యాటరీ స్థితి అన్న వివరం, బ్యాటరీలో ఎంత సామర్థ్యం మిగిలిందో చెప్పదు. ఆండ్రాయిడ్‌లో ఆ స్థితికి నిర్ణయించిన విలువలు కొన్నే: తెలియదు, బాగుంది, వేడెక్కింది, మరీ చల్లబడింది, వోల్టేజీ హద్దు దాటింది, పాడైపోయింది, కారణం చెప్పలేని లోపం ఉంది. అంటే ఆ క్షణంలో ప్రమాదకరమైన పరిస్థితి ఏదీ లేదన్నంత వరకే దాని అర్థం. సగం సామర్థ్యం కోల్పోయిన బ్యాటరీ కూడా వేడెక్కకుండా, వోల్టేజీ హద్దులు దాటకుండా ఉంటే 'బాగుంది' అనే అనిపించుకుంటుంది. దీన్ని మీరు పక్కన పెట్టేయవచ్చు. తయారీదారులు ఇచ్చే పరీక్షల యాప్‌లు, ఉదాహరణకు శాంసంగ్ మెంబర్స్‌లో ఉండే డయాగ్నస్టిక్స్, దీనికన్నా మెరుగే కానీ, అవి కూడా సాధారణంగా అంకె చెప్పకుండా ఒక మాటతో సరిపెడతాయి.

ఇక శాతాలు. బ్యాటరీ ఆరోగ్యం అని పిలిచేది ఒక నిష్పత్తి: ఈరోజు పూర్తిగా నింపితే పట్టే చార్జ్‌ను, కొత్తలో పట్టాల్సిన చార్జ్‌తో భాగిస్తే వచ్చేది. రెండో అంకె పెట్టె మీద ఎంఏహెచ్‌లలో (మిల్లీ యాంపియర్ అవర్లు, అంటే చార్జ్‌ను కొలిచే ప్రమాణం) ఉంటుంది. చిక్కంతా మొదటి అంకెతోనే, ఎందుకంటే మూసి ఉన్న లిథియం అయాన్ సెల్‌లో ఎంత పడుతుందో బయట నుంచి నేరుగా చూసి చెప్పే సాధనం ఏదీ లేదు. టాబ్లెట్‌లో ఫ్యూయల్ గేజ్ అనే చిన్న చిప్ ఒకటి ఉంటుంది. లోపలికి వచ్చిన కరెంటునూ, బయటికి పోయిన కరెంటునూ అది క్షణక్షణం కూడుతూ తీసేస్తూ, వోల్టేజీనీ ఉష్ణోగ్రతనూ గమనిస్తూ శాతాన్ని చూపిస్తుంది. అది వచ్చినదీ పోయినదీ పద్దులో రాసుకునే గుమాస్తా లాంటిది. గోదాములో సరుకు ఎంత ఉందో మధ్యమధ్య లెక్కపెట్టి సరిచూసుకోకపోతే చిన్నచిన్న తప్పులు పేరుకుపోయి, పద్దులో ఉన్నది గోదాములో ఉండదు. బ్యాటరీ పూర్తిగా నిండి కాసేపు విశ్రాంతిగా ఉన్నప్పుడో, అడుగంటా ఖాళీ అయినప్పుడో ముఖ్యంగా ఆ చిప్‌కు అలా సరిచూసుకునే వీలు దొరుకుతుంది. మీ టాబ్లెట్ చాలాసేపు చార్జర్‌కే తగిలించి ఉంటుందన్నారు కాబట్టి, అడుగంటా ఖాళీ అయి ఆ కొస కూడా సరిచూసుకునే అవకాశం దానికి అరుదుగానే వచ్చి ఉంటుంది.

యాప్‌లు చేసేది ఇంకా పైపై లెక్క. అక్యుబ్యాటరీ వంటివి, చార్జ్ అవుతున్నప్పుడు బ్యాటరీలోకి ఎన్ని ఎంఏహెచ్ వెళ్లిందో కూడి, అదే సమయంలో శాతం ఎంత పెరిగిందో చూసి, దాన్నిబట్టి మొత్తం ఎంత పడుతుందో అంచనా వేస్తాయి. ఇందులో ఎక్కడ తేడా వస్తుందో ఒక లెక్క వేసి చూడండి. మీరు 80 నుంచి 95 దాకా చార్జ్ చేశారనీ, ఆ సమయంలో 900 ఎంఏహెచ్ లోపలికి వెళ్లిందనీ అనుకుందాం. 15 శాతానికి 900 అంటే మొత్తానికి 6,000, అంటే ఆరోగ్యం 85 శాతం. కానీ తెర మీద కనిపించే శాతం పూర్ణ సంఖ్య మాత్రమే. 80 అని చూపినప్పుడు అది నిజానికి 79.6 కావచ్చు, 80.4 కావచ్చు. రెండు కొసల్లోనూ కలిసి ఒక్క శాతం తేడా పడి, పెరిగినది 14 మాత్రమే అని లెక్కకు వస్తే మొత్తం సుమారు 6,430 అవుతుంది, ఆరోగ్యం 91 అని వస్తుంది. 16 అని లెక్కకు వస్తే మొత్తం 5,625, ఆరోగ్యం 80. ఒకే బ్యాటరీ, ఒకే చార్జింగ్, అయినా ఫలితం 80 నుంచి 91 దాకా ఎక్కడైనా పడవచ్చు.

అదే 15 నుంచి 95 దాకా, అంటే 80 శాతం మేర చార్జ్ చేసి, 4,400 ఎంఏహెచ్ వెళ్లిందనుకుంటే మొత్తం 5,500, ఆరోగ్యం 78. అక్కడ ఒక శాతం అటూ ఇటూ తేడా పడినా 77, 79ల మధ్యే ఉంటుంది. కనుక మీ రెండు యాప్‌లలో 91 అన్నది బహుశా ఒకటి రెండు చిన్న చార్జింగ్‌లు చూసి చెప్పి ఉంటుంది, 78 అన్నది ఎక్కువ చరిత్ర చూసి చెప్పి ఉంటుంది. ఆ యాప్‌లను ఎప్పుడు వేసుకున్నారో, మధ్యలో ఎన్నిసార్లు చార్జ్ చేశారో ఒకసారి గుర్తు చేసుకుంటే ఈ ఊహ సరైనదో కాదో మీకే తెలుస్తుంది.

ఒక్క యాప్‌నే ఉంచుకొని, 15 శాతం దగ్గరకు దిగాక స్క్రీన్ ఆపి, ఒకే చార్జర్‌తో, మధ్యలో తీయకుండా 95 దాటే వరకు చార్జ్ చేయండి. ఇలా నాలుగైదు సార్లు జరిగాక వచ్చే సగటును పట్టించుకోండి, ఒక్కోసారి వచ్చే అంకెను పట్టించుకోకండి. యాప్ సెట్టింగ్స్‌లో కొత్త బ్యాటరీ సామర్థ్యం 7,040 అనే ఉందో లేదో కూడా చూడండి. కొన్నిసార్లు యాప్ దాన్ని తప్పుగా ఊహించుకుంటుంది, అప్పుడు భాగించే అంకే తప్పు కాబట్టి మిగతాదంతా వ్యర్థం. తయారీదారులు పెట్టె మీద వేసేది తరచుగా సగటు సామర్థ్యం. హామీ ఇచ్చే కనీస సామర్థ్యం దానికన్నా కొద్ది శాతం తక్కువే ఉంటుంది. అందుకే సరికొత్త టాబ్లెట్ కూడా 96, 97 అని చూపవచ్చు, అందులో మోసమేమీ లేదు. కొన్ని పరికరాలు కరెంటు విలువను యాప్‌లకు సరిగా అందించవు, అప్పుడు యాప్ 40 శాతం అనో, 150 శాతం అనో అసంబద్ధంగా చెబుతుంది. అలాంటి పరికరంలో ఈ పద్ధతే పనికిరాదు.

కంప్యూటర్‌తో కాస్త పరిచయం ఉన్నవారు ఎవరైనా మీ ఇంట్లో ఉంటే, యాప్ మధ్యవర్తిత్వం లేకుండా ఆ చిప్ పద్దునే చూడవచ్చు. టాబ్లెట్‌లో డెవలపర్ ఆప్షన్లు తెరిచి, యూఎస్‌బీ డీబగ్గింగ్ అనుమతించి, కంప్యూటర్ నుంచి ఏడీబీ (ఆండ్రాయిడ్ పరికరానికి ఆదేశాలు పంపే ప్రోగ్రామ్) ద్వారా 'డంప్‌సిస్ బ్యాటరీ' (dumpsys battery) ఆదేశం ఇస్తే వచ్చే వివరాల్లో 'చార్జ్ కౌంటర్' అనే అంకె ఉంటుంది. అది మైక్రో యాంపియర్ అవర్లలో ఉంటుంది కాబట్టి వెయ్యితో భాగిస్తే ఎంఏహెచ్ అవుతుంది. ఉదాహరణకు 62 శాతం దగ్గర అది 34,10,000 అని చూపితే, 3,410ని 0.62తో భాగించగా 5,500 వస్తుంది, అంటే మళ్లీ 78 శాతమే. అన్ని టాబ్లెట్లూ ఈ అంకెను ఇవ్వవు. ఇచ్చినవాటిలో కూడా ఇది ఆ గుమాస్తా రాసుకున్న పద్దే తప్ప గోదాము కాదన్నది మరవకండి. రెండు యాప్‌లూ, ఈ ఆదేశమూ మూడూ ఒకే మాట చెప్పినంత మాత్రాన ముగ్గురు సాక్షులు దొరికినట్టు కాదు. ముగ్గురూ చూసినది ఒకే పద్దు.

చిప్ పద్దుతో సంబంధం లేని సాక్షి కావాలంటే ఇంట్లో గడియారం ఉంది. అన్ని పద్ధతుల్లోకీ నేను ఎక్కువ నమ్మేది దీన్నే. ఒక సెలవు రోజున టాబ్లెట్‌ను 100 దాకా నింపి, నిండాక ఇంకో అరగంట చార్జర్‌కే ఉంచి, అప్పుడు తీయండి. ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి, వైఫై, బ్లూటూత్ కూడా ఆగాయో లేదో చూసుకోండి. ఆటోమేటిక్ బ్రైట్‌నెస్ తీసేసి, బ్రైట్‌నెస్ సరిగ్గా సగం దగ్గర, శబ్దం తక్కువలో ఒకేచోట ఉంచండి. ముందుగా డౌన్‌లోడ్ చేసి పెట్టుకున్న ఒకే వీడియోను మళ్లీ మళ్లీ ఆడేలా పెట్టి, శాతం పదేసి తగ్గినప్పుడల్లా సమయం ఒక కాగితం మీద రాసుకోండి. ఆగిపోయే వరకు వదిలేయండి, ఆగినప్పుడు ఎంత చూపిస్తోందో కూడా రాయండి.

ఆ కాగితంలో మొత్తం గంటల కన్నా, పది పది శాతాలకు పట్టిన సమయాలు ఎక్కువ మాట్లాడతాయి. పని ఒకేలా ఉన్నప్పుడు, పద్దు సరిగా ఉన్న బ్యాటరీలో ప్రతి పది శాతానికీ ఇంచుమించు ఒకే సమయం పడుతుంది. 90 నుంచి 80కి 42 నిమిషాలు, 80 నుంచి 70కి 41, 70 నుంచి 60కి 42 అని నడిచి, 40 నుంచి 30కి 25, 30 నుంచి 20కి 14 నిమిషాలే పట్టి అక్కడితో ఆగిపోయిందనుకోండి. చిప్ లోపల ఉందనుకుంటున్న చార్జ్ నిజానికి అక్కడ లేదని అర్థం. అలా కాకుండా చివరిదాకా సమంగా దిగి, 20 దగ్గర ఒక్కసారిగా ఆగిపోతే కథ వేరు. ఈ రెండింటి తేడా కాసేపట్లో చెబుతాను. పెట్టె మీద కంపెనీ రాసిన గంటలతో మాత్రం మీ ఫలితాన్ని పోల్చకండి, వాళ్లు ఏ బ్రైట్‌నెస్‌లో, ఏ వీడియోతో పరీక్షించారో మీది దానితో కలవదు. ఈ పరీక్షను మూడు నాలుగు నెలలకోసారి, గదిలో ఇంచుమించు ఇదే వేడి ఉన్నప్పుడు, ఇదే వీడియోతో మళ్లీ చేసి మీ పాత కాగితంతోనే పోల్చుకోండి.

రెండో సాక్షి యూఎస్‌బీ మీటర్. చార్జర్‌కూ కేబుల్‌కూ మధ్య పెట్టే చిన్న పరికరం ఇది, ఎంత శక్తి ప్రవహించిందో లెక్కపెట్టి చూపుతుంది. ఇందులో చాలామంది పడే పొరపాటు ఒకటుంది. మీటర్ చూపే ఎంఏహెచ్‌నూ, బ్యాటరీ మీది ఎంఏహెచ్‌నూ నేరుగా పోల్చకూడదు, ఎందుకంటే కేబుల్‌లో వోల్టేజీ 5 గానీ 9 గానీ ఉంటుంది, బ్యాటరీ సగటు వోల్టేజీ 3.85 దగ్గర ఉంటుంది. మీ 7,040 ఎంఏహెచ్‌ను 3.85తో గుణిస్తే సుమారు 27.1 వాట్ అవర్లు. అదే శక్తి 5 వోల్టుల దగ్గర 5,420 ఎంఏహెచ్ మాత్రమే. ఇది తెలియక, మీటర్‌లో తక్కువ అంకె చూసి బ్యాటరీ పోయిందని బెంబేలెత్తేవారు ఎందరో. కనుక మీటర్‌లో వాట్ అవర్ల అంకెనే చూడండి.

టాబ్లెట్ తనంతట తాను ఆగిపోయాక, ఆపి ఉన్న స్థితిలోనే మీటర్ గుండా పూర్తిగా నింపండి. 24.5 వాట్ అవర్లు పట్టిందనుకుందాం. చార్జింగ్‌లో పది పదిహేను శాతం వేడి రూపంలో పోతుంది. పదిహేను పోతే బ్యాటరీలో చేరినది 20.8, అంటే 77 శాతం. పదే పోతే 22, అంటే 81 శాతం. కచ్చితమైన అంకె రాకపోయినా, 91 అన్నది కుదరదని మాత్రం తేలిపోతుంది. అయితే టాబ్లెట్ 20 దగ్గరే ఆగిపోయి ఉంటే ఆ మిగిలిన చార్జ్ లోపలే ఉండిపోవచ్చు, అప్పుడు మీటర్ తక్కువ చూపుతుంది. దీన్ని మనసులో ఉంచుకొని ఆ అంకెను చదవాలి.

ఇప్పుడు అసలు విషయం, 20 శాతం దగ్గర ఆగిపోవడం. దీనికి రెండు కారణాలు ఉండవచ్చు. ఒకటి, పద్దు తప్పిపోవడం: లోపల నిజంగానే ఖాళీ అయింది, చిప్ మాత్రం ఇంకా 20 ఉందనుకుంటోంది. రెండోది, సెల్ అంతర్గత నిరోధం పెరగడం. లిథియం అయాన్ సెల్ వయసు పెరిగే కొద్దీ సామర్థ్యం తగ్గడమే కాక, కరెంటు ఇవ్వడానికి లోపల అడ్డంకి కూడా పెరుగుతుంది. అప్పుడు స్క్రీన్ వెలుగు పెంచినా, కెమెరా తెరిచినా, ఏదైనా ఆట మొదలుపెట్టినా ఒక్కసారిగా ఎక్కువ కరెంటు కావలసి వచ్చి వోల్టేజీ ధబీమని పడిపోతుంది. అది కనీస హద్దు కిందికి వెళ్లిన క్షణాన, లోపల చార్జ్ మిగిలి ఉన్నా టాబ్లెట్ ఆగిపోతుంది. చల్లటి వాతావరణంలో ఇది ఇంకా తొందరగా జరుగుతుంది.

రెండింటిలో ఏదో తెలుసుకోవడం కష్టం కాదు. ఆగిపోయిన వెంటనే చార్జర్ తగిలించి, తెర మీద వచ్చే మొదటి శాతం చూడండి. 0, 1, 2 అని చూపిస్తే ఎక్కువగా అది పద్దు తప్పు. 17, 18 అని చూపిస్తే, లోపల చార్జ్ ఉండి కూడా ఇవ్వలేకపోయిందని అర్థం. గడియారపు పరీక్షలో కూడా ఇదే తేడా తెలుస్తుంది: చివర్లో శాతం జారిపోతూ వచ్చి ఆగితే మొదటిది, నిలకడగా దిగుతూ ఏదో బరువైన పని మొదలవగానే ఆగితే రెండోది.

పద్దు తప్పే అయితే ఒకసారి సరిచేసి చూడవచ్చు. 100 దాకా నింపి, మరో గంట చార్జర్‌కే ఉంచి, తర్వాత మామూలుగా వాడుతూ తనంతట తాను ఆగే వరకు వదిలి, రెండు మూడు గంటల తర్వాత ఆపి ఉంచే మళ్లీ 100 దాకా ఒకే దఫాలో నింపండి. దీన్ని కాలిబ్రేషన్ అంటారు. దీనివల్ల బ్యాటరీ బాగుపడుతుందని చెప్పేవారి మాట నమ్మకండి. పోయిన సామర్థ్యం తిరిగి రాదు, అంకె మాత్రం నిజానికి దగ్గరవుతుంది. ఆ తర్వాత ఆరోగ్యం 78 నుంచి 68కి పడిపోయినట్టు కనిపించినా కంగారు పడవలసిన పని లేదు, అది అప్పుడు పోయింది కాదు, అంతకు ముందే పోయింది. నెలనెలా ఇలా చేయడం మాత్రం అనవసరం, అడుగంటా ఖాళీ చేయడం ఈ రకం బ్యాటరీలకు మేలు చేయదు.

మీ తొమ్మిది గంటలు ఐదు ఎలా అయ్యాయో కూడా ఒకసారి లెక్క చూద్దాం. 78 శాతం నిజమే అనుకుంటే, తొమ్మిది గంటలు ఏడు కావాలి, ఐదు కాకూడదు. ఆ ఏడు గంటల్లో చివరి 20 శాతం మీకు అందడం లేదు కాబట్టి మిగిలేది ఐదు గంటల ముప్పై ఆరు నిమిషాలు. ఆ మీద పోతున్న అరగంట పైచిలుకు బ్యాటరీది కాకపోవచ్చు. మూడేళ్లలో యాప్‌లు బరువెక్కి ఉంటాయి, వెనకాల నడిచేవి పెరిగి ఉంటాయి, పిల్లలు బ్రైట్‌నెస్ పెంచి ఉంటారు, వైఫై సిగ్నల్ బలహీనంగా ఉండే గదిలోకి టాబ్లెట్ మారి ఉంటుంది. సెట్టింగ్స్‌లో బ్యాటరీ వాడకం జాబితా తెరిచి, మీరు చూడని యాప్ ఏదైనా పైన కూర్చుని ఉందేమో చూడండి. రాత్రి ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి, పొద్దున శాతం ఎంత తగ్గిందో చూడండి. రెండు మూడు శాతాలు తగ్గితే మామూలే. ఎయిర్‌ప్లేన్ మోడ్ లేకుండా పెట్టిన మర్నాడు పదిహేను ఇరవై తగ్గితే దోషం ఏదో యాప్‌ది, బ్యాటరీ మార్చినా అది పోదు.

మీ అక్కగారి ఐప్యాడ్ విషయం. ఐఫోన్‌లలో ఈ వివరం 2018లో వచ్చిన ఐఓఎస్ 11.3 నుంచే ఉన్నా, ఐప్యాడ్‌లకు మాత్రం ఆపిల్ చాలాకాలం ఇవ్వలేదు. 2024 మే నెలలో విడుదలైన ఎం4 ఐప్యాడ్ ప్రో, ఎం2 ఐప్యాడ్ ఎయిర్‌ల నుంచి మొదలుపెట్టి కొత్త మోడళ్లలో సెట్టింగ్స్‌లోని బ్యాటరీ విభాగంలో గరిష్ఠ సామర్థ్యం, చార్జింగ్ సైకిళ్లు, తయారీ తేదీ, మొదట వాడిన తేదీ కనిపిస్తున్నాయి. పాత ఐప్యాడ్‌ను కేబుల్‌తో కంప్యూటర్‌కు కలిపి, మ్యాక్ అయితే కోకోనట్ బ్యాటరీ, విండోస్ అయితే ఐమేజింగ్ అనే ప్రోగ్రామ్‌తో చూస్తే సామర్థ్యం, సైకిళ్ల లెక్క తెలుస్తాయి. సైకిల్ అంటే ఒకసారి చార్జర్ తగిలించడం కాదు; మొత్తం మీద 100 శాతం వాడితే ఒక సైకిల్, అది రెండు రోజుల్లో సగం సగంగా వాడినా సరే. ఐప్యాడ్ బ్యాటరీ 1,000 సైకిళ్ల తర్వాత కూడా 80 శాతం సామర్థ్యం నిలుపుకునేలా తయారు చేశామని ఆపిల్ చెబుతుంది. ఈ అంకెలు కూడా చిప్ అంచనాలే కాబట్టి, గడియారపు పరీక్ష అక్కడా చేయదగ్గదే.

ఆండ్రాయిడ్‌లో 14వ వెర్షన్ నుంచి సైకిళ్ల సంఖ్య చూపే ఏర్పాటు ఉన్నా, దాన్ని వాడాలా వద్దా అన్నది తయారీదారు ఇష్టం. విండోస్ టాబ్లెట్ ఉన్నవారి పని తేలిక, కమాండ్ ప్రాంప్ట్‌లో 'పవర్‌సీఎఫ్‌జీ' (powercfg /batteryreport) ఆదేశంతో బ్యాటరీ రిపోర్ట్ అడిగితే కొత్తప్పటి సామర్థ్యం, ఇప్పటి సామర్థ్యం రెండూ పక్కపక్కనే వస్తాయి.

ఇక మార్చాలా వద్దా. 80 శాతం అన్నది తయారీదారులు పెట్టుకున్న గీత మాత్రమే, 79కి రాగానే ఏదో విరిగిపోయినట్టు కాదు. టాబ్లెట్ ఎక్కువగా ఇంట్లోనే, చార్జర్‌కు అందేంత దూరంలో వాడుతూ, ఆగిపోవడం పద్దు తప్పు వల్లనే అని తేలి, కాలిబ్రేషన్ తర్వాత 5 శాతం దాకా నమ్మకంగా దిగుతూ ఉంటే, 70 శాతం ఉన్న బ్యాటరీతో కూడా ఇంకో ఏడాది నడిపించవచ్చు, నేనైతే ఖర్చు పెట్టను. ఆగిపోవడం అంతర్గత నిరోధం వల్ల అని తేలితే మాత్రం యాప్ 91 చూపినా బ్యాటరీ మార్పించడమే మంచిది, ఆగిపోయే శాతం రోజురోజుకూ 20 నుంచి 30కి, 30 నుంచి 40కి ఎక్కుతుందే కానీ తగ్గదు. పైగా ఏదైనా ఫైల్ సేవ్ అవుతున్నప్పుడో, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అవుతున్నప్పుడో ఆగిపోతే వేరే నష్టం. టాబ్లెట్టే మార్చాలనుకోవడానికి బ్యాటరీ ఒక్కటే కారణం కాకూడదు. మీ మోడల్‌కు భద్రతా అప్‌డేట్‌లు ఇంకా వస్తున్నాయా, మీకు కావలసిన యాప్‌లు సాఫీగా నడుస్తున్నాయా అన్నవి చూడండి. రెండింటికీ అవునన్నది జవాబైతే బ్యాటరీ మార్పు చాలు. అప్‌డేట్‌లు ఆగిపోయి రెండేళ్లయిన టాబ్లెట్‌కు కొత్త బ్యాటరీ వేయించడం అంత తెలివైన ఖర్చు కాదు.

ఈ లెక్కలన్నిటినీ పక్కన పెట్టవలసిన సందర్భం ఒకటుంది. స్క్రీన్ అంచు ఏదైనా ఒకవైపు కొద్దిగా పైకి లేచినట్టు కనిపించినా, అంచు దగ్గర సందులోంచి వెలుగు వస్తున్నా, చదునైన బల్ల మీద వెల్లకిలా పెడితే టాబ్లెట్ అటూ ఇటూ ఊగుతున్నా, లోపల బ్యాటరీ ఉబ్బుతోందని అనుమానించండి. పాతబడిన సెల్‌లో వాయువు చేరడం వల్ల అలా జరుగుతుంది. అప్పుడు శాతం 95 ఉన్నా సరే, చార్జింగ్ ఆపేసి, టాబ్లెట్‌ను స్విచ్ ఆఫ్ చేసి, నొక్కి సరిచేయాలని చూడకుండా, సర్వీస్ కేంద్రానికి తీసుకెళ్లండి. చెత్తబుట్టలో మాత్రం వేయకండి, ఈ-వ్యర్థాలు తీసుకునేచోటే ఇవ్వండి.

మార్పించేటప్పుడు, కొత్త బ్యాటరీ తయారీ తేదీ అడగండి. అరలో ఊరికే పడి ఉన్నా లిథియం అయాన్ సెల్ వయసు నడుస్తూనే ఉంటుంది, మూడేళ్ల కిందటి నిల్వ సరుకు పేరుకే కొత్తది. చాలా టాబ్లెట్లలో బ్యాటరీని జిగురుతో అంటించి ఉంచుతారు, తీయడానికి స్క్రీన్ ఎత్తవలసి వస్తుంది, ఆ పనిలో స్క్రీన్ పగిలితే ఎవరిది బాధ్యతో ముందే మాట్లాడుకోండి. వేయించాక మొదటి వారంలో యాప్ పాత అంకెనే చూపిస్తుంటే కంగారు పడకండి, యాప్‌లో పాత చరిత్ర తుడిచి, ఒకసారి పైన చెప్పిన కాలిబ్రేషన్ చేయండి. ఆ తర్వాత గడియారపు పరీక్ష చేసి, పాత కాగితంతో పోల్చి చూడండి. గంటన్నర కూడా పెరగకపోతే ఆ బ్యాటరీని ప్రశ్నించడానికి మీ చేతిలో ఆధారం ఉన్నట్టే.

చివరగా, చార్జర్‌కే తగిలించి ఉంచడం గురించి. 100 దాటి చార్జ్ ఎక్కిపోతుందన్న భయం అక్కర్లేదు, నిండగానే టాబ్లెట్ తనే ఆపుకుంటుంది. నష్టం వేరేచోట ఉంది: నిండు వోల్టేజీలో ఎక్కువకాలం ఉండటం, దానికి వేడి తోడవడం. ఈ రెండూ కలిస్తే సెల్ లోపల జరిగే రసాయన అరుగుదల వేగం పెరుగుతుంది, సైకిళ్లు పెద్దగా నడవకపోయినా సామర్థ్యం తగ్గిపోతుంది. పరిసరాల వేడి 35 డిగ్రీల సెల్సియస్ దాటితే బ్యాటరీ సామర్థ్యం శాశ్వతంగా దెబ్బతినవచ్చని ఆపిల్ కూడా హెచ్చరిస్తుంది. మీ టాబ్లెట్ సెట్టింగ్స్‌లో 'బ్యాటరీ ప్రొటెక్షన్' వంటి పేరుతో చార్జింగ్‌ను 80 లేదా 85 దగ్గర ఆపే ఏర్పాటు ఉందేమో చూసి, ఉంటే పెట్టుకోండి. లేకపోతే 80 దాటాక తీసేసే అలవాటు చేసుకోండి, దళసరి కవరులో ఉంచి చార్జ్ చేయకండి, ఎండ తగిలే కిటికీ దగ్గర అసలు పెట్టకండి. నెలల తరబడి వాడకుండా పక్కన పెట్టవలసి వస్తే సగం దాకా నింపి, ఆపి పెట్టండి. ఆ 80 హద్దు పెట్టుకున్నాక కూడా, గడియారపు పరీక్ష చేసే రోజున మాత్రం దాన్ని తీసేసి, 100 దాకా నింపి మొదలుపెట్టండి. లేకపోతే పాత కాగితంలోని అంకెలతో కొత్తవాటిని పోల్చడం కుదరదు.